మండువాలో మొదలైన పగ

తాటివనంలో కల్లు దించే వేళకు, కల్లు తాగే చోటైన మండువా దగ్గర నలుగురు చేరతారు. గీసేవాడు నడుముకు ముస్తాదు బిగించి, మోకును చెట్టుకు చుట్టి పైకి ఎగబాకుతాడు. గెల చివరను కాగితమంత సన్నగా చెక్కి, నిండిన లొట్టిని దించుకుని వస్తాడు. కింద కూర్చున్నవాళ్లు తాటాకు రేకను రెండు చేతులా పట్టుకుని నోటికి ఆనిస్తే అందులోకి వంచుతాడు. ఎక్కినా దిగినా కత్తి మాత్రం అతని నడుముకే ఉంటుంది. రోజూ నూరే కత్తి అది. ఏమాత్రం మొద్దుబారినా గెల పాడవుతుంది, కల్లు కారదు.

జనగామ చుట్టుపక్కల సర్వాయి పాపన్న కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ కత్తి దగ్గరే కథ ఎత్తుకుంటారు. పాపన్న అప్పటికింకా పోరగాడు. దోస్తులతో కలిసి మండువాలో కూర్చున్నాడు. సర్కారు సిపాయిలు కొందరు అటుగా వచ్చి కడుపునిండా తాగారు. పైసలడిగితే తిట్టారు. అందులో ఒకడు పాపన్న దోస్తును కింద పడేసి మెడ మీద కాలు పెట్టి తొక్కాడు. మిగతావాళ్లు నవ్వుతున్నారు. అంతే, పాపన్న చేతిలో మారకత్తి లేచింది, సిపాయి తల తెగిపడింది. పక్కనున్నవాళ్లకూ అదే గతి పట్టింది. వాళ్ల గుర్రాలు, ఆయుధాలు పాపన్న దళానికి తొలి ఆస్తి అయ్యాయి. ఇక ఇంటికి తిరిగిపోయే దారి లేదు. సిపాయి నెత్తురు చూసినవాడు మళ్లీ మోకు భుజాన వేసుకుని తాటిచెట్టు ఎక్కలేడు.

కథ చెప్పేవాడి గొంతు ఇక్కడ ఒక మెట్టు పైకి లేస్తుంది. వింటున్నవాళ్లకు తెలిసిన మండువా, తెలిసిన కత్తి, తెలిసిన అవమానం. పేరు తెలియనిది ఆ దోస్తుది ఒక్కటే.

ఈ కథ తిరిగే నేల పెద్దదేమీ కాదు. జనగామకు ఉత్తరాన నర్మెట, ఆపైన తరిగొప్పుల. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జనగామ జిల్లా అయింది, అప్పటిదాకా నర్మెట మండలంలో ఉన్న తరిగొప్పుల కూడా మండల కేంద్రమైంది. ఇంకా ఉత్తరానికి పోతే హుస్నాబాద్ వస్తుంది, అది ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది. రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్, స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో తాటికొండ ఉన్నాయి. ఖిలాషాపూర్, తాటికొండ, హుస్నాబాద్‌లను కలుపుతూ గీత గీస్తే పాపన్న బతుకంతా అందులో పడుతుంది: కోట కట్టుకున్న ఊరు, చివరిదాకా నిలబడిన కొండ, పట్టుబడ్డ ఊరు. 

పాపన్న కత్తి పట్టడానికి ఇంకో మొదలు కూడా ఉంది. అది మండువాలో పుట్టింది కాదు, పారసీ పుస్తకంలో ఉంది. రాసినవాడు ఖాఫీ ఖాన్, మొగలుల కాలపు చరిత్రకారుడు. అతని ‘ముంతఖబ్-ఉల్-లుబాబ్’లో పాపన్న పేరు ‘పాప్రా’. కులం కల్లుగీత. అతనికి బాగా డబ్బున్న, భర్త పోయిన అక్కచెల్లెలు ఒకామె ఉందట. ఆమె మీద పడి నగలూ డబ్బూ దోచుకుని, ఆ సొమ్ముతో మనుషుల్ని పోగుచేసి, తాటికొండ మీద మకాం పెట్టి, హైదరాబాద్–వరంగల్ బాటన పోయే బేహారులను కొట్టడం మొదలుపెట్టాడట. ఇదంతా 1690ల చివరి మాట.

ఒకే మనిషికి రెండు పుట్టుకలు! పుస్తకంలో తోబుట్టువును దోచినవాడు, మండువాలో దోస్తు కోసం తెగించినవాడు. ఏది నిజమని అడగడం తేలిక. ఖాఫీ ఖాన్ ఆ కాలం మనిషే, సర్కారు కాగితాలు తెలిసినవాడు, తేదీలు, సంఖ్యలు ఇస్తాడు. అయితే అతను ఎవరి పక్కన కూర్చుని రాశాడో కూడా చూడాలి. హైదరాబాద్ సుబేదారుకు ఏళ్ల తరబడి కునుకు పట్టనివ్వని గీతగాడి గురించి సుబేదారు తరఫు మనిషి రాసేటప్పుడు మొదటి పేజీలోనే అతన్ని దొంగను చేయకపోతే కథ నడవదు. అదీ ఊరిని దోచిన దొంగగా చూపితే సరిపోదు, తోడబుట్టినదాన్ని దోచాడంటే ఇక చదివేవాడికి జాలి కలగదు.

జనం కథకూ తన లెక్క తనకుంది. మన వీరగాథల్లో కత్తి దూయాలంటే వేరొకరి ప్రాణం అడ్డం ఉండాలి. పల్నాటి కథలో యుద్ధం అంచుకు వచ్చేది అలరాజు చావుతో. రాయబారానికి పోయిన మనిషిని, పైగా నలగామరాజు సొంత అల్లుణ్ణి, విషం పెట్టి చంపించారు. ఆ తర్వాత సంధి మాట ఎత్తినవాడిదే తప్పయింది, బాలచంద్రుడి వంటి కుర్రవాళ్లను ఆపగలిగినవాళ్లు లేకపోయారు. తన ఆకలి కోసమో తన ఆశ కోసమో కత్తి దూస్తే దాన్ని దోపిడీ అంటారు. దోస్తు కోసం దూస్తే పౌరుషం అంటారు. పాపన్నను తమవాణ్ణి చేసుకున్న జనానికి ఆ దోస్తు కావలసి వచ్చాడు. అతని పేరు ఎవరికీ పట్టకపోవడానికి కూడా కారణం ఇదే అనిపిస్తుంది. మెడ మీద సర్కారు కాలు పడ్డ ప్రతివాడూ అక్కడ తన పేరు పెట్టుకోవచ్చు.

ఆ సర్కారు కూడా కొత్తదే. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నాడు. కుతుబ్‌షాహీల కాలంలో ఊళ్ల మీద పెత్తనం చేసిన దేశ్‌ముఖులు, నాయకులు, జమీందార్లు కొత్త ఫౌజుదార్లతో ఎలా నెగ్గుకురావాలో ఇంకా తేల్చుకోలేదు. సైన్యంలో కొలువు పోయినవాళ్లు ఊళ్లలో ఖాళీగా ఉన్నారు. పాదుషా తన ఖజానానంతా మరాఠాల మీద యుద్ధంలో పోస్తున్నాడు. ఇలాంటప్పుడు కొండ మీద కూర్చుని బాట కాయడానికి ధైర్యం ఉంటే చాలు, మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

పాపన్న తొలి మకాం నిలవలేదు. చుట్టుపక్కల ఫౌజుదార్లు, జమీందార్లు కలిసి అతన్ని తాటికొండ నుంచి తరిమేశారు. చాలా దూరం పోయి కౌలాస్ జమీందారు వెంకటరావు దగ్గర జమాదారు కొలువులో చేరాడు. అక్కడా పాత అలవాటు పోలేదు. వెంకటరావు ఖైదు చేశాడు. కొన్ని నెలల తర్వాత వెంకటరావు కొడుక్కి జబ్బు చేసింది. ఖైదీలను వదిలేస్తే బిడ్డకు మేలవుతుందని అతని భార్య అందరినీ విడిపించింది. పాపన్న బయటపడ్డాడు. ఒక తల్లి మొక్కు మొగలు సుబేదార్లకు పదేళ్ల తలనొప్పి తెచ్చిపెట్టిందన్నమాట.

ఈసారి అతను షాపూర్ చేరాడు. ఇప్పటి ఖిలాషాపూర్ అదే, ఊరి పేరులోనే ఖిలా ఉంది. అక్కడ అతనికి సర్వా అనే తోడు దొరికాడు. ఖాఫీ ఖాన్ పాపన్నకు ఇచ్చిన దోస్తు ఇతనొక్కడే. ఇద్దరూ కలిసి కోట కట్టారు, మనుషుల్ని కూడగట్టారు, బాట మీద పన్ను వసూలు చేశారు.

ఆ మనుషులు ఎవరో పాట చెబుతుంది. జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లిషు అధికారి సర్వాయి పాపడి పాటను బళ్లారి వైపు విని, 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో అచ్చు వేయించాడు. జనగామ కథ బళ్లారి దాకా పోయిందంటేనే అది ఎంత నడిచిందో తెలుస్తుంది. అందులో పాపడు తల్లితో తేల్చి చెబుతాడు: కులవృత్తి తనకు వద్దు, గోలకొండను కొడతానని. తర్వాత వెంట నడిచినవాళ్ల పేర్లు వరసగా వస్తాయి. తురకలు, దూదేకులవాళ్లు, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది. ఊరికి పని చేసిపెట్టే చేతులన్నీ అక్కడ ఉన్నాయి. పెత్తనం చేసే చేయి ఒక్కటీ లేదు. ఆ వరసలో చాకలి సర్వన్న పేరు చూసినప్పుడు ఖాఫీ ఖాన్ రాసిన సర్వా గుర్తుకు రాక మానడు.

కుల్పాక్ ఫౌజుదారు ఖాసిం ఖాన్‌ను పాపన్న మీదికి పంపారు. ఆ పోరులో ఖాసిం ఖానే చచ్చాడు. అప్పుడు హైదరాబాద్‌లో అధికారం చూస్తున్న రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు షాపూర్‌ను ముట్టడించాడు. పాపన్న, సర్వా తప్పించుకుపోయారు. ఖాన్ కోటను మందుపెట్టి పేల్చి వెనుదిరిగాడు. అతను అటు పోగానే వీళ్లు ఇటు వచ్చారు, ఈసారి రాతికోటే కట్టారు. ఖిలాషాపూర్‌లో ఇప్పుడు కనిపించే గుండ్రటి బురుజులకు మూలం ఆ పంతమే.

సర్వా మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. పాపన్న దండులోనే ఉన్న పుర్దిల్ ఖాన్ అనే మరో నాయకుడితో మాటా మాటా పెరిగింది. ఇద్దరూ కత్తులు దూసుకున్నారు. ఆ గాయాలతో ఇద్దరూ పోయారు. పగ తీర్చుకోవడానికి పాపన్నకు అవతల మనిషే మిగల్లేదు. దోస్తు కోసం మొదలైందని జనం చెప్పే జీవితంలో, దోస్తు పోయిన రోజున చేయడానికి ఏమీ లేకపోవడం కథకులకు ఇబ్బందే. అందుకేనేమో మండువా దోస్తు కథలో ఉన్నాడు, షాపూర్ దోస్తు పుస్తకానికే పరిమితమయ్యాడు.

ఇదే నేల మీద, పాపన్న పోయిన రెండు వందల ముప్ఫై ఆరేళ్లకు ఒక కుర్రవాడు చచ్చిపోయాడు. అతని పేరు మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

దేవరుప్పుల మండలం కడవెండి. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఊళ్లో గడీ విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కుటుంబానిది. అక్కడ ఉండేది ఆయన తల్లి జానమ్మ దొరసాని. నలభై వేల ఎకరాలు, అరవై ఊళ్ల మీద పెత్తనం విసునూరుదని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. వెట్టి, నాగు వడ్డీకి ధాన్యపు అప్పులు, పెళ్లికి పన్ను, పురుడుకు పన్ను. ఈ దేశ్‌ముఖ్‌ను ఎదిరించడానికి మొదట ఎవరూ గుత్పకర్ర పట్టలేదు, కోర్టుకే పోయారు. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం దేశ్‌ముఖ్ అండ ఉన్న సొంత అన్న మీద కేసు వేసి, ఏళ్ల తరబడి తిరిగి గెలిచాడు. గెలిచినందుకు 1940లో అతన్ని నరికి చంపించారు. బాట పక్కన అతని సమాధి ఉంది, ఏటా జనం అక్కడ చేరతారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకం రాసినప్పుడు నాయకుడికి పెట్టిన పేరు బందగీ.

బందగీ చావుకు పగ తీర్చుకున్నవాళ్లు లేరు. కాగితం చేతిలో ఉండి కూడా మనిషి బతకడన్న సంగతి మాత్రం ఊళ్లకు తెలిసింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలంలో పండిన గింజ దొర ఇంటికి పోకుండా కాచుకున్నప్పుడు ఆమె వెనక సంఘం వాళ్లు గుత్పలతో నిలబడింది ఈ అనుభవంతోనే. జనం ‘సంగం’ అని పిలిచింది ఆంధ్రమహాసభను. కడవెండిలో ఆ సంగం నాయకుల్లో ఒకడు దొడ్డి మల్లయ్య, కురుమల ఇంటివాడు. అతని తమ్ముడు కొమరయ్య.

1946 జులై 4. దొర మనుషులు నలభై మంది దాకా తాగి వచ్చి సంగం నాయకుల ఇళ్ల మీద రాళ్లు వేశారు. ఊరివాళ్లు గుత్పలు, వడిసెలలు పట్టుకుని నినాదాలు చేస్తూ ఊరేగింపుగా బయలుదేరారు. ఆడవాళ్లు కొంగుల్లో రాళ్లు, కారప్పొడి తెచ్చుకునే కాలం అది. ఊరేగింపు గడీ దగ్గరికి వచ్చేసరికి పక్క కొట్టాల్లో నక్కి ఉన్నవాళ్లు తుపాకులు పేల్చారు. కొమరయ్యకు తూటా తగిలి అక్కడే పడిపోయాడు. పంతొమ్మిదేళ్లు. మల్లయ్య కాలికి దెబ్బ తగిలింది. మంగలి కొండయ్య నుదుటికి, అతని తమ్ముడు నర్సయ్య మోచేతికి గాయాలయ్యాయి.

నేలరాలినవాడి చుట్టూ ఉన్నది ఎవరో చూడాలి. తోడబుట్టినవాడు, ఈడువాళ్లు, చిన్నప్పటినుంచి గొర్రెల వెంట తిరిగినవాళ్లు, సంగంలో పక్కన నిలబడ్డవాళ్లు. తుపాకుల ముందు గుత్పలతో ఉన్న జనం చెదిరిపోవాలి. అలా జరగలేదు. తూటాలు పేల్చినవాళ్లే భయపడి గడీలోకి పారిపోయి తలుపులు వేసుకున్నారు. కబురు పక్క ఊళ్లకు పాకింది. సాయంత్రానికి రెండు వేల మంది దాకా చేరారు. ఒక్కొక్కరూ ఎండుగడ్డి మోపు, కట్టె మోపు నెత్తిన పెట్టుకుని వచ్చారు, గడీని తగలబెట్టడానికి. దొర కొడుకు బాబుదొర ఇంకో రెండు వందల మందిని కత్తులతో, తుపాకులతో పంపితే వాళ్లనూ మూడు మైళ్లు తరిమారు. దొర మామిడితోట, నిమ్మతోట నేలమట్టమయ్యాయి. చివరికి రిజర్వు పోలీసులు వచ్చి, దుండగులను పట్టుకుంటామని చెప్పి జనాన్ని పంపారు. తర్వాత పట్టుకున్నది ఎక్కువగా సంగం వాళ్లనే.

ఇక్కడ ఒక సంగతి ఆగి గమనించవలసి ఉంది. కొమరయ్యను కొట్టిన తూటా ఎవరి తుపాకిదో ఊరు వెతకలేదు. కూలికి వచ్చిన చేయి అది, రేపు ఇంకో చేయి వస్తుంది. ఊరు నేరుగా గడీ మీదికి పోయింది. పాత వీరగాథల్లో పగ మనిషికి మనిషి బాకీ. కడవెండిలో అది ఇంటికి, భూమికి, పద్దు పుస్తకానికి బాకీ అయింది. కొమరయ్య అంతిమయాత్ర తర్వాత కొన్ని వారాల్లోనే నల్లగొండ, వరంగల్, ఖమ్మం వైపు మూడు నాలుగు వందల ఊళ్లలో జనం గుంపులు గుంపులుగా బయలుదేరి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయి, వెట్టి చేయబోమని, ధాన్యం ఇవ్వబోమని గడీల ముందు చెప్పి వచ్చారు. భూమి పంచుకోవడం తర్వాత మాట. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1951 అక్టోబరులో దాన్ని విరమించేనాటికి మూడు వేల ఊళ్లు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల మంది మృతులు అని పార్టీ లెక్క కట్టింది. ఆ నాలుగు వేలల్లో మొదటి పేరు కొమరయ్యది. ఇప్పుడు ఏప్రిల్ 3న అతని జయంతిని, జులై 4న వర్ధంతిని సర్కారే జరుపుతోంది.

అంతా ఇంత శుభ్రంగా జరిగిందని కాదు. దళాలు ఏర్పడ్డాక లెక్కలు మనిషికి మనిషిగా కూడా తేల్చుకున్నారు. దొరల ఏజెంట్లు, కబుర్లు మోసినవాళ్లు చచ్చారు. రజాకార్లు, తర్వాత వచ్చిన సైన్యం ఊళ్ల మీద పడి ఒకరికి పదిమందిని చంపిన సందర్భాలున్నాయి. తోటివాణ్ణి కోల్పోయిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడి చేతికి తుపాకి ఇచ్చి, పగ వద్దు, పంపకం చూసుకో అని చెప్పడం సుళువైన పనేం కాదు. దాన్ని కొంతమేరకైనా చెప్పగలగడమే ఆ సంఘం చేసిన పెద్ద పని. పాపన్నకు అలా చెప్పేవాళ్లు లేరు.

1707లో ఔరంగజేబు పోయాడు, కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. 1708 ఏప్రిల్ మొదటి రోజున, మొహర్రం పదో రోజు ముందు రాత్రి, పాపన్న రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో వరంగల్ మీద పడ్డాడు. ఊరంతా పీర్ల పండుగలో ఉంది. తాళ్లు వేసి కోటగోడ ఎక్కారు. తాటిచెట్టు ఎక్కినవాడికి గోడ ఎక్కడం నేర్పాలా! తెల్లవారేసరికి దర్వాజాలు తెరుచుకున్నాయి. రెండు మూడు రోజులు దోచారు. వరంగల్ తివాచీలను మోయలేక ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. మనుషుల్నీ పట్టుకుపోయారు, ఖాజీ భార్యను, కూతుర్ని కూడా. పాపన్న విగ్రహాలకు దండలు వేసే సభల్లో ఈ పేజీ తిప్పేస్తారు. అది లేకుండా చరిత్ర చెప్పలేం. మెడ మీద పడ్డ కాలును నరికినవాడు వేరేవాళ్ల ఆడపిల్లలను ఖైదు చేశాడు. రెండూ అతనే.

దోపిడీ సొమ్ముతో అతను డచ్చివాళ్ల దగ్గర, ఇంగ్లిషువాళ్ల దగ్గర ఏడు వందల జంటగొట్టాల తుపాకులు కొన్నాడు. పల్లకీలో తిరిగాడు. బంజారాల ఎద్దులను పది పన్నెండు వేలు లాక్కుని తన పొలాలు దున్నించాడు. గీతగాడు రాజులాగా బతకడం మొదలుపెట్టాడన్నదే ఖాఫీ ఖాన్‌కు అన్నిటికంటే కంటగింపు. అదే ఏడు జూన్‌లో, ప్రవక్త జన్మదినం రాత్రి, భువనగిరి మీద అదే ఎత్తు వేస్తే అక్కడ పారలేదు.

1709 జనవరిలో, ఔరంగజేబు కొడుకుల్లో సింహాసనం దక్కించుకున్న బహదూర్ షా తన తమ్ముడు కాంబక్ష్‌ను హైదరాబాద్ దగ్గర ఓడించి దర్బారు తీర్చాడు. ఆ దర్బారుకు పాపన్న పోయాడు. పధ్నాలుగు లక్షల రూపాయలు నజరానా పెట్టాడు. పాదుషా అతనికి ఖిలత్ ఇచ్చాడు. కల్లుగీసే ఇంటివాడు పాదుషా చేతి మీదుగా దుస్తులు కప్పుకుని బయటికి రావడం చూసి పెద్దింటివాళ్ల కడుపు మండింది. షా ఇనాయత్ అనే పెద్దాయనను ముందు పెట్టుకుని, ఆడవాళ్లను ఎత్తుకుపోయిన దొంగకు గౌరవమా అని మొర పెట్టుకున్నారు. పాదుషా మాట మార్చాడు. కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను అణచమని హుకుం వెళ్లింది.

పాపన్నను అణచడానికి దారి మాత్రం అతని ఇంట్లోంచే తెరుచుకుంది. షాపూర్ కోట ఖైదులో ఉన్న వందల మందిలో అతని బావమరిది ఒకడు, స్వయంగా ఫౌజుదారు. పాపన్న ఇంకో కోట మీదికి పోయిన అదను చూసి అతని భార్య తన తమ్ముడికి పంపే అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది. ఖైదీలు సంకెళ్లు కోసుకుని, కావలివాళ్లను పడగొట్టి కోటనే పట్టుకున్నారు. పాపన్న పరుగున వచ్చేసరికి తన కోట తలుపులు తనకే మూసి ఉన్నాయి. వెనక యూసుఫ్ ఖాన్ పంపిన దిలావర్ ఖాన్ సైన్యం వచ్చేస్తోంది. మిగిలింది తాటికొండ. పదేళ్ల కింద మొదలుపెట్టిన చోటే.

అక్కడ నెలల తరబడి నిలబడ్డాడు. యూసుఫ్ ఖాన్ వేల గుర్రాలతో కొండను చుట్టేశాడు. 1710 మార్చిలో, పాపన్నను వదిలి వచ్చినవాళ్లకు రెట్టింపు జీతం ఇస్తామని కింద నుంచి చాటింపు వేయించారు. ఆకలి మీద ఉన్నవాళ్లు చాలామంది దిగిపోయారు. మందుగుండు అయిపోయింది. కాలికి గాయంతో పాపన్న మారువేషంలో కొండ దిగి ఉత్తరానికి నడిచాడు, తానే వేయించిన ఊరు హసనాబాద్ వైపు. ఇప్పటి హుస్నాబాద్. అక్కడి ఎల్లమ్మ గుడి పాపన్న కట్టించిందేనని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు.

హసనాబాద్‌లో అతను పోయి కూర్చున్నది మళ్లీ కల్లు అమ్మే చోటే. ఒంటరిగా, కుంటుతూ వచ్చి కల్లు అడిగాడు. అమ్మేవాడు గీతవృత్తివాడు, తన కులంవాణ్ణి గుర్తుపట్టడానికి అతనికి ఎంతసేపు పడుతుంది! మంచి కల్లు తెస్తానుండమని లోపలికి పోయి కబురు పంపాడు. మనుషులతో వచ్చి చుట్టుముట్టినవాడు పాపన్న బావమరిది. షాపూర్ ఖైదులో ఇనుము కోసుకుని బయటపడ్డ ఆ ఫౌజుదారే. ఎన్నాళ్లుగానో దాచుకున్న పగ కల్లు దగ్గరే తీరింది. పాపన్నను ముక్కలుగా నరికి, తల పాదుషా దర్బారుకు పంపి, మొండెం హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అతని బొమ్మ ఒకటుంది, అతను పోయిన కొన్ని దశాబ్దాల తర్వాత గీసింది. ఇక్కడ ఆగస్టు 18న జయంతి చేస్తారు, మోకుముస్తాదులతో గౌడులు ఊరేగుతారు. ఖిలాషాపూర్ బురుజుల దగ్గర ఆ రోజు జనం ఎక్కువ.

కథ చెప్పేవాళ్లు హుస్నాబాద్ దాకా వచ్చాక గొంతు మళ్లీ మార్చుకుంటారు. రెట్టింపు జీతానికి దిగిపోయినవాళ్లు అందులో ఉండరు. కల్లు అమ్మిన మనిషి ఉండడు, బావమరిదీ ఉండడు. సైన్యం చుట్టుముట్టిందని తెలియగానే పాపన్న ఎవరి చేతికీ చిక్కకుండా తన కటారితో తానే పొడుచుకుంటాడు.